ఒకే దారిలో రెండు విమానాలు

విమాన ప్రమాదంపై జరిగే సాంకేతిక దర్యాప్తు నేర విచారణ వంటిది కాదు. తప్పు ఎవరిదో తేల్చడం కాక, అటువంటి ప్రమాదం మళ్లీ జరగకుండా చూడడమే దాని ఏకైక లక్ష్యమని అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందపు 13వ అనుబంధం చెబుతుంది. 1944లో షికాగోలో కుదిరిన ఆ ఒప్పందం సైనిక విమానాలకు వర్తించదు కనుక వాటి ప్రమాదాలను ఆయా దళాలే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ ద్వారా విచారించుకుంటాయి, ఆ నివేదికలు ప్రజలకు అందడం అరుదు. ఆకాశాన్ని మాత్రం పౌర, సైనిక విమానాలు రెండూ పంచుకోక తప్పదు.

1996 నవంబరు 12న, ఢిల్లీ నుంచి బయలుదేరిన సౌదీ బోయింగ్ 747, ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ ఇల్యూషిన్-76 హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపాన గాలిలోనే ఢీకొని, రెండింటిలో ఉన్న 349 మందీ మరణించారు. జస్టిస్ ఆర్.సి. లాహోటీ ఆధ్వర్యంలోని విచారణలో, 15,000 అడుగుల వద్ద ఆగవలసిన కజక్ విమానం ఇంకా కిందికి దిగడమే మూలకారణమని తేలింది. సిబ్బంది పొరపాటని రాసి ఫైలు మూసేయవచ్చు. కానీ అసలైన పాఠాలు ఆ పొరపాటు చుట్టూ ఉన్న పరిస్థితుల్లోనే దొరికాయి. కంట్రోలర్‌తో ఇంగ్లీషులో మాట్లాడిన రేడియో ఆపరేటర్‌కు ఎత్తును చూపే పరికరం విడిగా లేదు, పైలట్ల ముందున్నదాన్నే తొంగిచూడాలి. ఢిల్లీ గగనతలంలో చాలా భాగం వైమానిక దళం అధీనంలో ఉండడంతో వచ్చే, పోయే పౌర విమానాలకు ఒకే దారి మిగిలింది. అప్పటి ప్రాథమిక రాడార్ విమానం ఎక్కడుందో చూపగలదే గాని, ఎంత ఎత్తులో ఉందో చూపలేదు.

ఆ తరువాత రాకపోకలకు వేర్వేరు దారులు ఏర్పడ్డాయి, విమానం నుంచే ఎత్తును రాబట్టే ద్వితీయ రాడార్ వచ్చింది, రెండు విమానాలు దగ్గరైనప్పుడు ఒకదాన్ని పైకి, మరొకదాన్ని కిందికి వెళ్లమని హెచ్చరించే టీకాస్ పరికరాన్ని భారత ప్రభుత్వం తప్పనిసరి చేసింది. అమెరికాలో అది అప్పటికే తప్పనిసరి అన్నది చేదు నిజం.

కొత్త పరికరం కొత్త ప్రశ్ననూ తెచ్చింది. 2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఉబర్లింగెన్ వద్ద రష్యా టుపోలెవ్ విమానాన్ని టీకాస్ పైకి వెళ్లమంటే కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. పైలట్లు మనిషి మాటే విన్నారు, తన టీకాస్ చెప్పినట్లు అప్పటికే కిందికి దిగుతున్న సరకు విమానాన్ని ఢీకొన్నారు, 71 మంది చనిపోయారు. రెండు ఆదేశాలు విభేదిస్తే టీకాస్ మాటే పాటించాలని అంతర్జాతీయ నిబంధనలు సందేహానికి తావులేకుండా చెప్పింది ఆ తరువాతే.