పెట్టెలో ప్రయాణించిన గ్రంథాలయం

అమ్మానాన్నల బదిలీలతో మనం ఏ ఊరికి వెళ్లినా కొత్త బడిలోనూ అవే పాఠ్యపుస్తకాలు ఉంటాయి. విశ్వవిద్యాలయాల్లో చదివేవారికి పాఠ్యపుస్తకాలు మాత్రమే చాలవు, జర్నళ్లు కూడా కావాలి. అవి మాత్రం అన్నిచోట్లా దొరకవు.

జర్నల్ అంటే పరిశోధన పత్రిక. కొత్త మందు ఎలా పనిచేసిందో, ఏ వరి వంగడం తెగులును తట్టుకుందో మొదట అందులోనే వెలువడుతుంది. అదే రంగంలోని ఇతర నిపుణులు పరిశీలించాకే వ్యాసాన్ని అచ్చువేస్తారు. అయితే కొన్ని జర్నళ్లకు ఏడాది చందా లక్షల రూపాయలు ఉంటుంది. అందుకే 1980లలో ఆఫ్రికాలోని ఎన్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు చందాలు కట్టలేక జర్నళ్లు తెప్పించుకోవడం మానేశాయి. అక్కడి వైద్యులకు, వ్యవసాయ శాస్త్రవేత్తలకు పాత సమాచారమే దిక్కయింది.

ఈ లోటు తీర్చడానికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1999లో ఒక ఉపాయం చేసింది. పేద దేశాల్లో ఇంటర్నెట్ అంతగా లేని రోజులవి. అందుకని వందకు పైగా వ్యవసాయ జర్నళ్లను సీడీల్లో నింపి, పెట్టెలో పెట్టి, తక్కువ ధరకు పంపింది. దాని పేరు 'టీల్'. తర్వాత ఆ సీడీల స్థానంలో హార్డ్ డిస్క్ వచ్చింది.

2002 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరు పెద్ద ప్రచురణ సంస్థలు కలిసి 'హినారి' ప్రారంభించాయి. దీనిద్వారా సుమారు 1,500 వైద్య జర్నళ్లు ఇంటర్నెట్‌లో అందాయి. మరీ పేద దేశాలకు ఉచితం. కాస్త మెరుగైన దేశాలకు కొద్దిపాటి రుసుము. 2003లో వ్యవసాయం కోసం 'అగోరా' వచ్చింది.

ఇలాంటి సాయం ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడుతుంది. 2011 జనవరిలో కొన్ని ప్రచురణ సంస్థలు మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌కు ఉచిత సదుపాయాన్ని ఆపేశాయి. విమర్శలు వచ్చాకే తిరిగి ఇచ్చాయి.

మన దేశం మరో దారి పట్టింది. ఒక్కో కళాశాల విడివిడిగా చందా కట్టే బదులు దేశమంతటికీ కలిపి ప్రభుత్వమే కట్టే పథకానికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు దాదాపు 13,000 ఇందులో ఉన్నాయి. ఇవి 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల కోసం.

రేపు మనలో ఎవరు ఢిల్లీలో చదువుతారో, ఎవరు శ్రీకాకుళంలో చదువుతారో తెలియదు. ఎక్కడ చదివినా అవే జర్నళ్లు అందాలి. ఊరు చిన్నదైనంత మాత్రాన చదువు చిన్నది కాకూడదు.