టీమ్ డిన్నర్‌కు ‘అందరికీ కుదిరే’ హోటల్ ఏది?

ప్రాజెక్టు పూర్తయిందనో, ఎవరికో ప్రమోషన్ వచ్చిందనో సహోద్యోగులంతా కలిసి రాత్రి భోజనానికి వెళ్దామనుకుంటారు. వాట్సాప్ గ్రూపులో హోటళ్ల పేర్లు మొదలవుతాయి. కాసేపటికి ఎవరో ఒకరు అంటారు: ‘ప్యూర్ వెజ్‌కి వెళ్తే గొడవే ఉండదు, అక్కడైతే అందరూ తింటారు కదా!’ చాలాసార్లు చర్చ అక్కడితో ముగిసిపోతుంది.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. మాంసం తినేవాళ్లు పప్పన్నం తింటారు, శాకాహారులు మాంసం తినరు. కానీ ఈ లెక్కలో సర్దుకునేది ప్రతిసారీ ఒకవైపు వాళ్లే. 2014లో జరిగిన శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ బేస్‌లైన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఊరంతా తినే కూర ఆఫీసు విందుకు వచ్చేసరికి ఎందుకు ఇబ్బందిగా మారుతోంది?

మాటల్లోనే ఉన్న కులం

సమాధానం మన మాటల్లోనే దొరుకుతుంది. ‘ప్యూర్’ అంటే శుద్ధం. ఒక తిండి శుద్ధమైతే మిగతాది ఏమిటి? మన ఇళ్లలో చేపకూ మాంసానికీ ‘నీచు’ అన్న పేరుంది. అదే మాటను మనుషుల మీదా వాడతారు. ‘మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?’ అన్న ప్రశ్న తిండి గురించే మొదలవుతుంది. ఇంటిపేరు, ఊరు అడిగాక ‘పెద్దకూర కూడా తింటారా?’ దగ్గర ఆగుతుంది. అప్పటికి అడిగినవారికి కావలసింది తెలిసిపోయి ఉంటుంది.

హోటల్ గుమ్మం మనకు ఊరికే తెరుచుకోలేదు. కులం పేరుతో హోటళ్లలోకి, దుకాణాల్లోకి రానివ్వకపోవడాన్ని రాజ్యాంగం 15(2) అధికరణం నిషేధించింది. అయినా పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. నగరంలో గ్లాసులు ఒకటే అయ్యాయి, బల్లలు మాత్రం ఇంకా వేరవుతున్నాయి. 2023లో ఐఐటీ బొంబాయి హాస్టల్ మెస్‌లో ఆరు బల్లలను శాకాహారులకే కేటాయించారు. దాన్ని నిరసిస్తూ అక్కడ కూర్చుని మాంసాహారం తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు.

మేము ముగ్గురు దళిత విద్యార్థులం కలిసి పనిచేసిన ఒక పరిశోధన ప్రాజెక్టులో మూడు విందులు జరిగాయి. మూడూ ప్యూర్ వెజ్ హోటళ్లలోనే. నాలుగోసారి మేము ఒక బిర్యానీ హోటల్ పేరు చెప్పాం. ‘అయితే రెండు టేబుళ్లు విడివిడిగా బుక్ చేద్దాం’ అని జవాబు వచ్చింది. మూడుసార్లు మేము సర్దుకుంటే ఎవరికీ కనిపించలేదు. ఒక్కసారి మేము అడిగితే బల్ల రెండు ముక్కలైంది.

శాకాహారులు మాంసం తినాలని ఎవరూ అనడం లేదు. వాళ్లకు కడుపునిండా తినే వంటకాలు ఉండాల్సిందే. మాంసం వండే చోట గరిటెలు వేరుగా ఉన్నాయా అని అడగడం కూడా వాళ్ల ఇష్టం. కానీ ‘నా కళ్ల ముందు, నా బల్ల మీద ఎవరూ తినకూడదు’ అనడం ఇంకొకరి పళ్లెం మీద పెత్తనం.

ఎలా ఎంచుకోవాలి?

జాబితా ఎవరు తయారుచేస్తున్నారో చూడండి. ఐదు హోటళ్ల పేర్లు ఒకే మనిషి పెడితే, వాటి మీద ఓటింగ్ పెట్టి లాభం లేదు. ప్రతిసారీ వేరొకరు ఎంచాలి.

‘ఎవరెవరు వెజ్?’ అని గ్రూపులో అడగకండి. ‘మీరు తినలేనివి ఏమైనా ఉన్నాయా?’ అని విడిగా అడగండి, కారణం అడగకండి. హలాల్ కావాలన్నవారికీ, ఏదైనా పడనివారికీ ఈ పద్ధతే సుఖం.

రెండు రకాల వంటా బాగా చేసే మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్లు మన ఊళ్లలో కావలసినన్ని ఉన్నాయి. అక్కడ ఒకే బల్ల వేయించండి.

తలకు ఎంత పడుతుందో ముందే చెప్పండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నాన్‌నెట్ ఫెలోషిప్ నెలకు 8,000 రూపాయలు. విందులో 800 వాటా పడితే ఆ విద్యార్థి నెల ఆదాయంలో పదోవంతు పోయినట్టే. ఖరీదైన చోటే వెళ్లాలనుకుంటే ఎక్కువ జీతం ఉన్నవారు ఎక్కువ వేసుకోవాలి.

ఇక ‘అందరం’ అంటే ఎవరు? ఆఫీసు ఊడ్చే అక్క, బాత్రూములు కడిగే అన్న, గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు కాంట్రాక్టు మనుషులని విందు జాబితాలో ఉండరు. వాళ్లలో మనవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్లనూ పిలవండి, వాళ్ల వాటా మిగతావాళ్లు పంచుకోండి.

సహపంక్తి భోజనాలతోనే కులం పోదని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో స్పష్టంగా చెప్పారు. ఆ భ్రమ మాకూ లేదు. అయితే ఆఫీసులో పరిచయాలు పెరిగేది, తర్వాతి ప్రాజెక్టులో ఎవరుండాలో మాటల్లో తేలేది చాలాసార్లు ఇలాంటి విందుల దగ్గరే. ‘నాకు పని ఉంది, మీరు వెళ్లండి’ అని ఎవరైనా పదేపదే తప్పుకుంటుంటే, వాళ్లకు నిజంగానే పని ఉందా, లేక మీరు ఎంచిన చోటే ఇబ్బందా అని ఆలోచించండి. ఈసారి హోటల్‌ను వాళ్లనే ఎంచమని అడగండి.