9,000 కోట్ల లీరాల నుంచి సున్నాకి: వియేరి చెప్పే ట్రాన్స్‌ఫర్ లెక్క

యూరప్‌లో ట్రాన్స్‌ఫర్ సీజన్ మొదలైందంటే చాలు, ఫలానా ఆటగాడిని ఇన్ని వందల కోట్లకు కొన్నారని వార్తలే వార్తలు. మన ఇళ్లలో కుర్రాళ్లకు ఆ అంకెలు నోటికి వచ్చు. పెద్దవాళ్లకు మాత్రం ఒకటే డౌటు: అంత డబ్బూ ఆటగాడి జేబులోకే వెళ్తుందా?

వెళ్లదు. ఐపీఎల్ వేలంలో పలికిన రేటు ఆటగాడి జీతం. ఫుట్‌బాల్‌లో అలా కాదు. కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉన్న ఆటగాడిని వదిలినందుకు పాత క్లబ్బుకు కొత్త క్లబ్బు కట్టేదే ట్రాన్స్‌ఫర్ ఫీజు. ఆటగాడి జీతం వేరే మాట్లాడుకుంటారు.

ఈ లెక్క అర్థం కావాలంటే ఇటలీ స్ట్రైకర్ క్రిస్టియన్ వియేరి కెరీర్ చూడాలి. 1973లో బొలోన్యాలో పుట్టాడు, పెరిగింది ఆస్ట్రేలియాలోని సిడ్నీలో. చిన్నప్పుడు క్రికెట్ అంటే ప్రాణం. తర్వాత ఇటలీకి తిరిగొచ్చి ఫుట్‌బాల్‌లో పడ్డాడు. తోరినో, పీసా, రవెన్నా, వెనీజియా, అట్లాంటా, జువెంటస్, స్పెయిన్‌లో అట్లెటికో మాడ్రిడ్, మళ్లీ ఇటలీలో లాజియో. 1991 నుంచి 1999 లోపే ఎనిమిది క్లబ్బులు!

కుదురు లేని మనిషి అనిపిస్తుంది కదా. కానీ అందులో క్లబ్బుల లాభం కూడా ఉంది. వెళ్లిన చోటల్లా గోల్స్ కొట్టాడు, రేటు పెరిగింది. 1997-98లో స్పెయిన్ లీగ్‌లో 24 మ్యాచ్‌ల్లో 24 గోల్స్. 1998 వరల్డ్ కప్‌లో 5 గోల్స్. 1999లో ఇంటర్ మిలాన్ అతని కోసం పెట్టిన లెక్క 9,000 కోట్ల లీరాలు, అంటే సుమారు 3.2 కోట్ల పౌండ్లు. అప్పటికి ప్రపంచ రికార్డు. అందులో కొంత భాగం కింద సిమియోనే అనే ఆటగాడిని లాజియోకి ఇచ్చేశారు. అంటే మొత్తం నగదే ఉండాలని కూడా లేదు.

ఇంటర్‌లో ఆరేళ్లు కుదురుగా ఉన్నాడు. 2002-03లో 23 మ్యాచ్‌ల్లో 24 గోల్స్‌తో ఇటలీ లీగ్‌లో టాప్ స్కోరర్. అయితే గాయాలు వదల్లేదు. ఆ ఆరేళ్లలో ఇంటర్‌కి లీగ్ టైటిల్ ఒక్కటీ రాలేదు, దక్కింది 2005 ఇటాలియన్ కప్ మాత్రమే.

అదే ఏడాది రెండు వైపులా ఒప్పుకుని కాంట్రాక్టు రద్దు చేసుకున్నారు. కాంట్రాక్టు లేదంటే ఫీజు లేదు. పక్కనే ఉన్న ఏసీ మిలాన్‌కి ఫ్రీగా వెళ్లిపోయాడు. ఆరేళ్ల కింద 9,000 కోట్ల లీరాలు పలికినోడి ఫీజు ఇప్పుడు సున్నా! ఆటగాడికి వయసు మీద పడుతున్న కొద్దీ, కాంట్రాక్టు కరిగిపోతున్న కొద్దీ క్లబ్బు పెట్టిన పెట్టుబడి కూడా కరిగిపోతుంది.

వరల్డ్ కప్‌ల సంగతి చూస్తే బాధేస్తుంది. 2002లో 4 గోల్స్ కొట్టాడు. కొరియాతో మ్యాచ్‌లో మొదటి గోల్ అతనిదే. కానీ చివర్లో గోల్ ముందు నిలబడి సులువైన చాన్స్ వదిలేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో ఇటలీ ఇంటికెళ్లింది. రెండు వరల్డ్ కప్‌లు కలిపి 9 గోల్స్. ఇటలీ తరఫున ఇదే రికార్డు, రోసీ, బాజియోలతో సమానం.

మిలాన్‌లో ఆడే అవకాశాలు తగ్గాయి. 2006 వరల్డ్ కప్ టీమ్‌లో చోటు కోసం జనవరిలో మొనాకోకి మారాడు. మ్యాచ్‌లు దొరికితే సెలెక్ట్ అవుతానని ఆశ. రెండు నెలలకే మోకాలు దెబ్బతింది. ఆ జూలైలో బెర్లిన్‌లో ఇటలీ కప్ గెలిచినప్పుడు టీమ్‌లో వియేరి లేడు.

కాబట్టి ఇకపై పేపర్లో ఏదైనా ట్రాన్స్‌ఫర్ అంకె కనిపిస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి. కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుంది? ఆటగాడి వయసెంత? రేటు చాలావరకు అక్కడే తేలుతుంది. మోకాలు ఎన్నాళ్లు నిలుస్తుందో మాత్రం ఏ కాంట్రాక్టులోనూ రాసి ఉండదు.