పాత ఊరి మాత్ర, కొత్త ఊరి ఆకుకూర

నాన్నగారికో అమ్మకో బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మొదలయ్యే మాటలు మనకు తెలిసినవే. క్వార్టరు దొరుకుతుందా, గ్యాసు కనెక్షను ఎప్పుడు మారుతుంది, విద్యాలయంలో మన సీటు సంగతి ఏమిటి? ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతుంటే వీటితోపాటు ఇంకో విషయం కూడా మాట్లాడుకోవాలి. గుండెలో కృత్రిమ కవాటం వేయించుకున్న అమ్మ, గుండె లయ తప్పిన తాతయ్య, కాలి సిరలో గడ్డ ఏర్పడి ఆసుపత్రిలో ఉండి వచ్చిన బాబాయి, వీళ్లలో ఎవరైనా కావచ్చు. చిన్నతనంలో వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడు చేస్తుంది కాబట్టి, మన వయసు పిల్లలు కూడా ఈ మాత్ర వేసుకుంటూ బడికి వస్తుంటారు.

దీన్ని అందరూ ‘రక్తం పలచబడే మందు’ అంటారు. ఆ పేరు సరిగ్గా కుదరలేదు. పాలలో నీళ్లు పోసినట్టు రక్తమేమీ పలచబడదు. గడ్డకట్టడానికి పట్టే సమయం పెరుగుతుంది, అంతే. మన కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని ప్రొటీన్లను తయారు చేస్తుంది. వాటిలో కొన్నింటికి ‘కె’ విటమిను కావాలి. డెన్మార్కు శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ దీన్ని కనుగొన్నప్పుడు, గడ్డకట్టడానికి వాళ్ల భాషలో ఉన్న మాట మొదటి అక్షరమే దీనికి పేరుగా పెట్టాడు. వార్ఫరిన్, మన దేశంలో ఎక్కువగా వాడే ఎసినోకుమరాల్ మాత్రలు ఈ ‘కె’ విటమిను పనికి అడ్డం పడతాయి. అప్పటికే రక్తంలో ఉన్న ప్రొటీన్లు ఖర్చయ్యేదాకా మందు ప్రభావం పూర్తిగా కనిపించదు. అందుకే ఈ రోజు మోతాదు మారిస్తే ఫలితం తెలియడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

ఈ మందు పుట్టుక పశువుల కొట్టంలో మొదలైంది. 1920లలో అమెరికా ఉత్తర ప్రాంతాల్లోను, కెనడాలోను ఆవులు చిన్న గాయానికే రక్తం ఆగక చనిపోయేవి. బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తినడమే కారణమని పశువైద్యులు పట్టుకున్నారు. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన ఆవును, డబ్బాలో గడ్డకట్టని రక్తాన్ని వేసుకుని, మంచు తుఫానులో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అక్కడి రసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్, ఆయన బృందం కొన్నేళ్లు శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరు చేశారు. దానికి బంధువుగా తయారైన వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954లో మనుషులకు వాడేందుకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు కూడా ఇదే ఇచ్చారు. ‘ఎలుకల మందా?’ అని భయపడి అమ్మమ్మ మాత్ర మానేస్తానంటే ఈ కథ చివరిదాకా చెప్పాలి. ఎలుకకైనా మనిషికైనా తేడా మోతాదులోనే ఉంది.

ఆ మోతాదును కొలిచేది ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. ఈ మందు వాడని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. మందు వాడే చాలామందికి 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. కొన్ని కృత్రిమ కవాటాలకు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఎవరి అంకె ఎంతో వాళ్ల డాక్టరే చెప్పాలి. అంకె తగ్గితే కవాటం మీదో, గుండె గదిలోనో గడ్డ కట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. పెరిగితే రక్తస్రావం అవుతుంది. ఒకప్పుడు ఈ పరీక్షను సెకన్లలో చెప్పేవారు. ఒక్కో ప్రయోగశాల వాడే రసాయనం ఒక్కో రకం కాబట్టి ఒక ఊరి సెకన్లు ఇంకో ఊరి సెకన్లతో కలిసేవి కావు. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉమ్మడి లెక్కను తెచ్చింది. మనలాంటి బదిలీల కుటుంబాలను చూసే తెచ్చారేమో అనిపిస్తుంది మాకు! విశాఖలో రాసిన అంకెను జోధ్‌పూర్ డాక్టరు చదివి అర్థం చేసుకోగలడు. అయితే ఆ అంకెలున్న పుస్తకం చేతిలో ఉండాలి. సామాను లారీలో ఏ అట్టపెట్టె అడుగునో ఉంటే లాభం లేదు.

ఇప్పుడు వంటింటి సంగతి. పాలకూర, తోటకూర, మునగాకు వంటి ముదురు పచ్చని ఆకుకూరల్లో ‘కె’ విటమిను ఎక్కువ. అన్నంలో, పప్పులో అంతగా ఉండదు. ఈ మందు వేసుకునేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానేయాలని చాలా ఇళ్లలో అనుకుంటారు. అది సరి కాదు. ఎప్పుడూ తినేంత తింటూ ఉంటే డాక్టరు ఆ తిండికి తగ్గట్టే మాత్ర కుదురుస్తాడు. చిక్కు వచ్చేది మార్పుతోనే. ఆ మార్పు మన ఇళ్లలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదు. వారానికి ఒకసారి తోటకూర పప్పు తిన్న నానమ్మ చలికాలంలో పంజాబు చేరితే పక్కింటివాళ్లు ప్రేమగా రోజూ ఆవాకు సాగ్ పంపిస్తారు. శ్రీనగర్‌లో హాక్ లేని భోజనమే అరుదు. అస్సాంలో లాయి శాకం. ఏదీ చెడ్డది కాదు, పైగా రుచిగా ఉంటాయి. కానీ నెల తిరక్కుండా ఐఎన్ఆర్ పడిపోవచ్చు. మాత్రలో లోపం వెతుకుతాం తప్ప గిన్నెలో వెతకం. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. కార్తీకమాసం ఉపవాసాలు, కొత్త ఊరి నీళ్లు పడక వచ్చిన వాంతులు, విరేచనాలు, ఆకలి లేకపోవడం వల్ల తిండి తగ్గితే అంకె పైకి పోతుంది. అందుకే కొత్త ఊళ్లో దిగిన తరువాత మొదటి పరీక్ష ఎప్పుడు చేయించాలో పాత డాక్టరును బయలుదేరకముందే అడిగి రాసుకోవడం మంచిది.

ఇంకో మార్పు మందుల షాపులో. పాత ఊరి కంపెనీ మాత్ర కొత్త ఊళ్లో దొరకకపోవచ్చు. ‘తెల్లది ఒకటి, గులాబీది సగం’ అని గుర్తుపెట్టుకున్న తాతయ్యకు ఇక్కడ రంగులే వేరు. రంగును నమ్మకూడదు. పేరు, మిల్లీగ్రాములు చదవాలి. వాళ్లకు చత్వారం, మనకు మంచి చూపు! 1 మిల్లీగ్రాము బదులు 4 మిల్లీగ్రాముల అట్ట చేతికొస్తే పట్టుకోగలిగేది మనమే. కంపెనీ మారిందని డాక్టరుకు కూడా చెప్పాలి. చాలామందికి మాత్ర సాయంత్రం వేసుకోమంటారు. పగలు వచ్చిన రిపోర్టు చూసి ఆ రాత్రి మోతాదే మార్చే వీలుంటుందని. గోడ క్యాలెండరు మీద వేసుకున్న రోజల్లా టిక్కు పెట్టే పని మన తమ్ముళ్లకు అప్పజెప్పవచ్చు. వాళ్లు మరిచిపోనివ్వరు. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి. తెల్లవారిపోతే ఆ మాత్ర వదిలేయడమే. రెండూ కలిపి వేసుకోకూడదు, పుస్తకంలో మాత్రం రాయాలి.

మోకాళ్ల నొప్పికి షాపువాడు ఇచ్చే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వీళ్లకు ప్రమాదం. కడుపులో రక్తస్రావం తెస్తాయి. డాక్టరు రాయకుండా ఆస్పిరిన్ కూడా కలపరాదు. మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్కులు అంకెను పెంచుతాయి. క్షయకు వాడే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఆకు పసర్లు, చూర్ణాలు కూడా మందుల కిందే లెక్క. జ్వరం వచ్చి డెంగీ అనుమానం ఉంటే ఈ మందు సంగతి ముందుగా చెప్పాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి గనుక. పన్ను తీయించే ముందు, కండకు సూది వేయించుకునే ముందు కూడా అంతే. చెప్పాలేగాని, మనంతట మనం మాత్ర ఆపేయకూడదు.

నల్లగా తారులా మలం, ఎర్రటి మూత్రం, పది నిమిషాలు నొక్కి పట్టినా ఆగని ముక్కు రక్తం, కారణం లేని పెద్ద కమిలిన మచ్చలు కనబడితే ఆసుపత్రికి పోవాల్సిందే. తలకు దెబ్బ తగిలితే మనిషి నవ్వుతూ మాట్లాడుతున్నా పోవాలి. లోపలి రక్తస్రావం గంటల తరువాత బయటపడవచ్చు. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి లేవకపోవడం మాత్రం గడ్డ కట్టిందనడానికి గుర్తు కావచ్చు, రక్తస్రావమూ కావచ్చు. అప్పుడు 108కో 112కో ఫోను చేయాలి.

కొత్త ఊళ్లో ఎవరో ఒకరు, ‘ఇంకా ఆ పరీక్షలెందుకండీ, పరీక్ష అక్కరలేని మాత్రలు వచ్చాయిగా’ అంటారు. నిజమే, డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ వచ్చాయి. లయ తప్పిన గుండెకు, కాలి గడ్డలకు బాగా పనికొస్తున్నాయి. వీటి ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి ఒక్క పూట మరిచినా రక్షణ పోతుంది. లోహపు కవాటం ఉన్నవారికి ఇవి పనికిరావు. డాబిగాట్రాన్‌ను అలాంటివారిలో పరీక్షించినప్పుడు గడ్డలు, రక్తస్రావాలు రెండూ ఎక్కువై, 2012లో ఆ పరిశోధననే ఆపేశారు. తిరువనంతపురం శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో రూపొంది, 1990లో తొలిసారి రోగికి అమర్చిన మన దేశపు కవాటం ఉన్నవారికి కూడా పాత మాత్రే, పాత పరీక్షే.

ప్రయాణం నాడు మాత్రలు, ఐఎన్ఆర్ పుస్తకం, డిశ్చార్జి కాగితం చేతి సంచిలో పెట్టాలి. లారీ ఒక్కోసారి పది రోజులు ఆలస్యమవుతుంది కాబట్టి మాత్రలు కనీసం రెండు మూడు వారాలకు సరిపడా ఉండాలి. వేసుకునేవారి జేబులో మందు పేరు, మోతాదు, కారణం, ఒక ఫోను నంబరు రాసిన చీటీ ఉంచాలి. చేరబోయే ఊళ్లో భాష తెలియకపోతే ఆ చీటీ వెనక హిందీలోనో అక్కడి భాషలోనో రాసిపెట్టడానికి ఇంట్లో మనం ఉన్నాం.