ఆటోలిస్ప్‌లో చలరాశులు, జాబితాలు

1958లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ రూపొందించనారంభించిన లిస్ప్ భాష, ఆటోలిస్ప్ రూపంలో ఆటోక్యాడ్ వెంట మన డ్రాయింగ్ ఆఫీసులకు వచ్చింది. బ్రాకెట్ల బెడద చూసి చాలామంది దానికి దూరంగా ఉంటారు. నేర్వవలసినవి నిజానికి కొద్ది విషయాలే.

చలరాశికి విలువనిచ్చేది ‘సెట్‌క్యూ’. అది పూర్ణాంకమా, దశాంశమా అని ముందుగా ప్రకటించనక్కరలేదు. బిందువంటే నిరూపకాల జాబితాయే: (సెట్‌క్యూ పి (లిస్ట్ ఎక్స్ వై)). ‘లిస్ట్’కు బదులు కోట్ గుర్తు పెడితే విలువలకు మారుగా ఆ పేర్లే జాబితాలో చేరి, గీత గీయవలసిన ఆజ్ఞ నిలిచిపోతుంది. ఇది కంటికి కనబడే లోపం.

కనబడనిది మరొకటి ఉంది. ‘డిఫన్’లో ఏటవాలు గీత తరువాత పేర్కొనని చలరాశులు, ప్రోగ్రాము ముగిసినా ఆ డ్రాయింగు తెరచి ఉన్నంతసేపు తమ విలువలను నిలుపుకొంటాయి. ఫ్లాంజి రంధ్రాలు గీసిన ప్రోగ్రాము ‘ఆర్’ను 9గా వదలివెళ్ళిందనుకోండి. ఆ పేరుకు విలువనివ్వడం మరచిన వేరొక ప్రోగ్రాము, ఏ హెచ్చరికా లేకుండా 9 మి.మీ. వ్యాసార్ధంతోనే గీస్తుంది. ఆ డ్రాయింగు వర్క్‌షాపుకు వెళితే ప్లేటు వృథాయే! రెంటిలోనూ (/ పి ఆర్) అని చేర్చితే ఆ పేర్లు శూన్యంతో మొదలై, లోపం అక్కడే బయటపడుతుంది.

రంధ్ర కేంద్రాలను ‘కాన్స్’తో చేర్చితే కొత్తది జాబితా ముందుకు వస్తుంది, చివర ‘రివర్స్’ చేయాలి. ‘అపెండ్’ ప్రతిసారీ పాత జాబితానంతటినీ నకలు తీస్తుంది. 24 రంధ్రాలకు ఆ ఆలస్యం తెలియదు గాని, వేల బిందువుల సర్వే పటానికి తెలుస్తుంది.