ఒక గేటుకు ఎంతమంది గార్డులు?

అచ్యుతాపురం సెజ్‌లోనో, పరవాడ ఫార్మాసిటీలోనో ఒక కంపెనీ గేటు ఉందనుకోండి. దానికి రాత్రింబవళ్లు కాపలా కావాలి. అంటే వారానికి 168 గంటలు. మనిషికి వారానికి 48 గంటల పని. భాగిస్తే మూడున్నర వస్తుంది. ఒక గేటుకు ముగ్గురు చాలరు, రెండు గేట్లకు ఏడుగురు కావాలి. ఆ సగం మనిషే వారపు సెలవుకు నిలబడే రిలీవర్. జ్వరాలు, పండగలు, పెళ్లిళ్లు ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఈ లెక్క చూసుకోవాల్సిన సెక్యూరిటీ ఏజెన్సీకి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ముందుగా చూపించేవి వేరే ఉంటాయి. ఫోన్‌లో ముఖం చూపిస్తే హాజరు పడుతుంది, సైటు హద్దు దాటితే జీపీఎస్ హెచ్చరిస్తుంది, గోడల మీది క్యూఆర్ కోడ్‌లు స్కాన్ చేస్తే రాత్రి రౌండ్లు నమోదవుతాయి. ఇవన్నీ అవసరమే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. అలాంటి రోజున లోపల ఎవరెవరు ఉన్నారో చెప్పడానికి గేటు దగ్గర సరైన లెక్క ఉండాలి. అయితే గార్డు ఎక్కడున్నాడో నిమిషనిమిషానికీ చూసే సాఫ్ట్‌వేర్, అతను ఎన్ని గంటలు నిలబడ్డాడో చెప్పకపోతే అది సగం పని చేసినట్టే.

ఎందుకంటే చాలా గేట్ల దగ్గర నడిచేది 12 గంటల డ్యూటీ. లెక్క తేలికగా ఉండేందుకు నెల జీతం 15,000 రూపాయలు అనుకుందాం. నెలకు 26 డ్యూటీలు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు. పన్నెండు గంటలు చేస్తే అదనంగా 104 గంటలు పడతాయి. ఓవర్‌టైమ్‌కు (ఓటీకి) చట్ట ప్రకారం రెట్టింపు రేటు ఇవ్వాలి కాబట్టి ఆ 104 గంటల ఖరీదు 208 గంటల జీతమే, అంటే మరో 15,000. ఈ లెక్కన 12 గంటల గార్డుకు నెలకు 30,000 రావాలి. వారపు సెలవు ఇస్తూ 12 గంటల డ్యూటీలతో గేటు నడపడానికి 2.33 మంది కావాలి, వారి జీతాలు 70,000. అదే 8 గంటల షిఫ్టులతో మూడున్నర మందికి 52,500. రోజూ అంత ఓటీ చేయించడానికి చట్టం ఎలాగూ ఒప్పుకోదు. కాబట్టి 12 గంటల డ్యూటీ ఎవరికైనా చవగ్గా కనిపిస్తోందంటే, గార్డుకు ఓటీ అందడం లేదని అర్థం.

ఆ 15,000లో గార్డు వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 113 పోగా చేతికి 13,087 వస్తుంది. ఏజెన్సీ తన వాటాగా పీఎఫ్ ఖాతాకు బీమా, నిర్వహణ ఖర్చులతో కలిపి 1,950, ఈఎస్ఐకి 488 కట్టాలి. మనిషికి 17,438, గేటుకు 61,033. బోనస్, యూనిఫాం, ఏజెన్సీ లాభం ఇందులో కలపలేదు. పైన జీఎస్టీ 18 శాతం. ఏజెన్సీ సొంత పేరు మీదో భాగస్వామ్యంగానో నడుస్తుంటే, జీఎస్టీ నమోదున్న ఖాతాదారే 2019 జనవరి నుంచి ఆ పన్ను నేరుగా కట్టాలి. ఈ తేడా తెలియని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనకండి.

2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు గడువు అయిదేళ్లు. కొత్త గార్డుకు కనీసం 20 పనిదినాల్లో 160 గంటల శిక్షణ ఇవ్వాలి: 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 56 గంటలు చాలు. శిక్షణ పూర్తికాని పేరును షిఫ్టులో వేయబోతే సాఫ్ట్‌వేర్ అడ్డుపడాలి. చిన్న ఏజెన్సీకి ఖరీదైన యాప్ లేకపోయినా ఫరవాలేదు. 35 మంది వరకూ ఎక్సెల్ పట్టికలోనే ఈ లెక్కలన్నీ చూసుకోవచ్చు.

గార్డులను పెట్టుకునే కంపెనీలకు ఒక మాట. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చివరికి చెల్లించాల్సింది మీరే. నెల బిల్లు మీద సంతకం పెట్టే ముందు గార్డు వారీగా గంటల పట్టిక అడగండి. అందులో 208 దాటిన ప్రతి పేరు పక్కనా ఓటీ ఎంత చెల్లించారో చూడండి.