అంత్యక్రియలు ఏ చర్చిలో?

యుక్రెయిన్ అనగానే మనకి గుర్తొచ్చేది 2022లో అక్కడి నుంచి తిరిగొచ్చిన మన మెడికల్ స్టూడెంట్స్. అక్కడ చర్చిల మధ్య కూడా ఒక గొడవ నడుస్తోందని ఇక్కడ పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

అక్కడ ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. కీవ్ చర్చి 1686లో మాస్కో పాట్రియార్క్ కిందకి వెళ్ళింది. దేశం స్వతంత్రమయ్యాక, 1992లో కొంతమంది విడిపోయి కీవ్ పాట్రియార్కేట్ పెట్టుకున్నారు. ప్రార్థనలు దాదాపు ఒకటే, పైన ఎవరున్నారన్నదే తేడా. సీఎస్ఈ వాళ్ళకి చెప్పాలంటే కోడ్ అదే, రిపో ఫోర్క్ అయింది. కాకపోతే రిపో ఫోర్క్ అయితే ఎవరూ ఏడవరు కదా.

2017 ఆఖరి రోజున జపొరీజ్జియాలో, బిల్డింగ్ పైనుంచి దూకిన ఒక మనిషి మీద పడి ఒక చిన్న బాబు చనిపోయాడు. మాస్కో వైపు చర్చి ఫాదర్ ఆ బాబుకి అంత్యక్రియల ప్రార్థన చేయనన్నారు. ఎందుకంటే బాప్తిస్మం ఇచ్చింది కీవ్ వైపు చర్చి, అది వాళ్ళ లెక్కలో చెల్లదు. జనం ఇళ్ళల్లోంచి బొమ్మలు తెచ్చి మాస్కో వైపు చర్చిల ముందు పెట్టి వెళ్ళారు. ఇదంతా చదివాక నాకు కాసేపు వేరే పని చేయబుద్ధి కాలేదు.

2019 జనవరిలో ఇస్తాంబుల్‌లోని పాట్రియార్క్ బర్తొలొమ్యూ కొత్త యుక్రెయిన్ చర్చికి స్వతంత్ర హోదా ఇచ్చారు. మాస్కో ఒప్పుకోలేదు. తర్వాత యుద్ధం. మాస్కో పాట్రియార్క్ కిరిల్ దాన్ని సమర్థించారు. డ్యూటీలో చనిపోయే సైనికుడి పాపాలు కడుక్కుపోతాయని 2022 సెప్టెంబర్‌లో ప్రసంగించారు కూడా. మరి యుక్రెయిన్‌లో మాస్కో వైపు చర్చికే వెళ్ళే తల్లి సంగతేంటి? ఆమె కొడుకు కూడా యుక్రెయిన్ సైన్యంలోనే ఉన్నాడు. చాలామంది ఫాదర్లు ప్రార్థనలో కిరిల్ పేరు చదవడం మానేశారు. 2022 మే 27న ఆ చర్చి మాస్కోతో తెగతెంపులు ప్రకటించింది. ప్రభుత్వం మాత్రం నమ్మలేదు. 2024 ఆగస్టులో రష్యా చర్చితో సంబంధమున్న సంస్థల్ని నిషేధించే చట్టం వచ్చింది. ఆ భయానికి కారణం ఉంది, రష్యాకి సాయం చేశారని కొందరు ఫాదర్లకి శిక్షలు కూడా పడ్డాయి. కానీ 2023 జూలైలో రష్యా మిసైల్ పడిన ఒడెస్సా కెథెడ్రల్ కూడా ఆ చర్చిదే!

2023లో కొత్త చర్చి క్యాలెండర్ కూడా మార్చుకుంది. దాంతో క్రిస్మస్ ఒకరికి డిసెంబర్ 25, ఇంకొకరికి జనవరి 7. మధ్యలో 13 రోజుల తేడా. ఒకే ఇంట్లో రెండు పండగలు రావచ్చు.

చనిపోయినవాళ్ళకి చేసే నలభయ్యో రోజు ప్రార్థన మాత్రం మారలేదు. అది ఏ క్యాలెండర్‌తోనూ పని లేకుండా పోయిన రోజు నుంచే లెక్క.